ఉత్తమ ఉద్యోగికి వాలు కుర్చీ

ఎంబీఏ పట్టా చేతికొచ్చిన కొత్తలో మనిషికి ఒక జబ్బు పట్టుకుంటుంది. కనిపించిన ప్రతి దుకాణమూ తన సలహా లేకనే వెనకబడిపోయిందనిపిస్తుంది. ఆ రోజుల్లో నాకది కొంచెం ముదిరింది. తెలంగాణ వచ్చి రెండు మూడేళ్ళయిందేమో. హైదరాబాదులో ఉద్యోగం ఇవాళో రేపో వస్తుందని ఇంట్లో కూర్చున్న నన్ను చూసి, చౌటుప్పల్‌లో బడిపిల్లల యూనిఫాంలు కుట్టించే మా మేనమామ, "గా నౌకరి వచ్చేదాంక నా దుకాణంల కూసో బిడ్డా, ఫోన్లన్న ఎత్తుదువు" అన్నాడు. ఫోన్లు ఎత్తడానికి పిలిస్తే, మేనేజర్‌గా పిలిచాడని నేను అర్థం చేసుకున్నాను.

సర్వీసు రోడ్డు పక్కన, మందుల దుకాణం పైన, ఒక పొడవాటి గది. అందులో ఏడు కుట్టుమిషన్లు, నడుమ ఒక పెద్ద కటింగ్ బల్ల. ఆ బల్ల దగ్గర పొద్దంతా నిలబడి ఉండే మనిషి మాస్టర్ సాబ్. అరవై దాటినాయన, తెల్లగడ్డం, మెడలో టేపు. నేను చాచా అనేదాన్ని. ఆయన సుద్దతో గీత గీసి బట్ట కోస్తేనే ఏడు మిషన్లకూ పని. ఇరవై రెండేళ్ళుగా అక్కడే ఉన్నాడు. ఈ ఇరవై రెండేళ్ళలో మామ ఆయన్ను ఒక్కసారైనా మెచ్చుకున్నాడా అని కాజాలు కుట్టే అక్కను (ఆమెను అందరూ కాజాల అక్క అనే పిలిచేవారు) అడిగాను. ఆమె చాలాసేపు ఆలోచించి, "ఒకపారి తిట్టలేదు" అంది.

నాకు ప్రాణం చివుక్కుమంది. పనివాళ్ళను గుర్తించాలి, మెచ్చుకోవాలి, నలుగురిలో గౌరవించాలి అని మా పుస్తకంలో ఒక పాఠమే ఉండేది. పరీక్షలో దాని మీద నాకు మంచి మార్కులు కూడా వచ్చాయి. మొదటి ప్రయత్నంగా రంగు చీటీల మీద "మీ శ్రమకు ధన్యవాదాలు" అని రాసి ప్రతి మిషన్‌కూ అంటించాను. కాజాల అక్క తన చీటీని తీసుకుని నేరుగా మామ దగ్గరికి పోయి, "తప్పేమన్న జరిగిందా అన్నా, నోటీసు ఇచ్చిన్రు" అని అడిగింది. మామ ఆ చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, "మా కోడలు పిల్ల రాసింది, ఏం కాదు పో" అని పంపించాడు. దీంతో నాకు అర్థమయ్యింది ఏమిటంటే, చీటీలు చాలవు, సభ పెట్టాలి.

బడులు తెరిచేముందు, పని ఎక్కువగా ఉండే మే నెలలోనే ఉత్తమ ఉద్యోగి సన్మానం పెట్టాను. ఎవరికివ్వాలన్నది పెద్ద ప్రశ్న కాదు. ఏమివ్వాలన్నదే ప్రశ్న. పొద్దంతా నిలబడే మనిషి కదా, ఇంట్లోనైనా కాళ్ళు చాపుకుని కూర్చోవాలని ఒక వాలు కుర్చీ కొన్నాను. శాలువా, పూలదండ సరేసరి. ఇక ఉపన్యాసం. నాకు ఉపన్యాసాలు రాయడం రాదు. అంతకుముందు ఏడాదే మా నాయిన బడిపంతులు ఉద్యోగం నుంచి రిటైరయ్యాడు. ఆ సభలో హెడ్మాస్టరు చదివిన కాగితం ఇంట్లో ఉంది. చాలా గంభీరంగా ఉంది. పేరు కొట్టేసి మాస్టర్ సాబ్ పేరు రాసుకున్నాను. విద్యార్థులు అన్నచోట యూనిఫాంలు అని మార్చాను. (అన్నిచోట్లా మార్చలేదని చదివేటప్పుడు తెలిసింది.)

శనివారం మధ్యాహ్నం మిషన్లు ఆపించి అందరినీ నిలబెట్టాను. మామ గోడకు ఆనుకుని, పంటిడాక్టర్ దగ్గరికి వచ్చినవాడిలా నిలబడ్డాడు. నేను శాలువా కప్పి, దండ వేసి, కాగితం చదివాను. "వారి సేవలు చిరస్మరణీయం" అన్నప్పుడు చాచా తలెత్తి మామవైపు చూశాడు. "వారు లేని లోటు తీరనిది" అన్నప్పుడు కాజాల అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను చదువుతున్నది వాళ్ళ మనసును కదిలిస్తోందని సంతోషించాను. "వారి శేషజీవితం సుఖశాంతులతో గడవాలని" అనే వాక్యం నోట్లోకి వచ్చాక ఏదో తేడాగా అనిపించింది గానీ, సగంలో ఆపితే బాగుండదని పూర్తి చేశాను. తర్వాత కుర్చీ ఇచ్చాను. చాచా ఆ కుర్చీని చాలాసేపు చూశాడు. "మంచిది బేటీ" అన్నాడు. ఆటోలో కుర్చీ పెట్టించి సాగనంపాం. అందరం చప్పట్లు కొట్టాం.

సోమవారం ఆయన రాలేదు. కాజాల అక్క గోడకున్న మేకు చూపించి, "కత్తెర తీస్కపోయిండు" అంది. మాస్టర్ సాబ్ కత్తెర ఆ మేకుకే ఉండేది, ఇంకెవరూ ముట్టేవారు కాదు. మామ ముఖంలో నెత్తురు చుక్క లేదు. నావైపు తిరిగి, "ఏం జదివినవ్ బిడ్డా గా కాగితంల?" అన్నాడు. చెప్పాను. మామ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

మూడు బడుల బట్ట తానులు తానులుగా పడి ఉంది. కోసేవాళ్ళు లేక ఏడు మిషన్లూ ఊరికే ఉన్నాయి. మంగళవారం మామ తానే వేరే కత్తెర తీసుకుని ఒక ప్యాంటు కోశాడు. కుట్టి చూస్తే రెండూ ఎడమ కాళ్ళే. బుధవారం పొద్దున ఆ ప్యాంటును సంచిలో పెట్టుకుని, నన్ను స్కూటర్ ఎక్కించుకుని మాస్టర్ సాబ్ ఇంటికి బయలుదేరాడు.

చాచా వాకిట్లో వాలు కుర్చీలో వాలకుండా నిటారుగా కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య మా చేతికి చాయ కప్పులు ఇస్తూనే మొదలుపెట్టింది. "ఈయన్ను ఇంట్ల ఉంచుకునుడు నాతోని కాదు భాయ్. రెండు దినాలాయె, అంచు వంకర ఉన్నదని మంచి దుప్పటి కోసి దిండుగలీబులు చేసిండు. పొద్దుగాల పర్దాలు కొలుస్తుండు."

నేను గొంతు సవరించుకుని, "చాచా, అది రిటైర్మెంట్ కాదు. మీరు బాగా పని చేస్తున్నారని చెప్పడానికి పెట్టిన సభ" అన్నాను.

"మంచిగ పని చేస్తె దండేసి ఇంటికి తోలుతరా బేటీ?" అన్నాడు. ఎగతాళిగా కాదు, తెలుసుకుందామనే అడిగాడు. తర్వాత మామను చూడకుండా అన్నాడు: "ఇరవై రెండేండ్లల మీ మామ ఒక్క మాట అనలె. ఇప్పుడు నీతోని ఒక్కపారే అనిపిచ్చిండు, కుర్చీ ఇచ్చి. మొన్న సూదిల దారం ఎక్కిచ్చుడు నాకు కాలేదు, అద్దాలు తీసి తుడుసుకున్న. గా సంగతి మీ మామ చూసిండు అనుకున్న. కండ్లు పోయినయని పొమ్మంటున్నడు అనుకున్న."

చాయ మీద పొర కట్టింది. మామ సంచిలోంచి ప్యాంటు తీసి ఆయన ఒళ్ళో పెట్టాడు. చాచా అద్దాలు పెట్టుకుని, మడత విప్పి, ఒక కాలు చూసి, రెండో కాలు చూసి, మళ్ళీ మొదటి కాలు చూశాడు.

"ఎవరు కోసిన్రు?"

"నేనే" అన్నాడు మామ. నేల చూస్తూ, "నాతోని కాదు సాబ్. నువ్వు లేకుంటె దుకాణం నడువది" అన్నాడు.

"గీ మాట దుకాణంల అందరి ముందల అంటవా?"

మామకు చెమట పట్టింది. "అంట."

గురువారం కత్తెర మేకుకు తిరిగొచ్చింది. మామ గది నడుమ నిలబడి, రెండుసార్లు దగ్గి, "సాబ్ లేకుంటె దుకాణం నడువది. అందరు అన్నాలు తినుండ్రి" అన్నాడు. అప్పుడు పొద్దున పదిన్నర. ఎవరూ కదల్లేదు. కాజాల అక్క మాత్రం సూది ఆపి, "మరి మేము లేకుంటె నడుస్తదా అన్నా?" అని అడిగింది. మామ ఆమెను చూశాడు, మిగిలిన మిషన్లను చూశాడు. ఇక తప్పదని ఒక్కొక్కరి దగ్గరికీ పోయి, వరసపెట్టి, ఏడుగురికీ అదే మాట చెప్పాడు. చివరామెకు చెప్పేసరికి గొంతు కొంచెం బాగానే వస్తోంది. నాకు మాత్రం ఏమీ చెప్పలేదు. చెప్పడానికి ఏముందని నేనూ అడగలేదు.

ఆ ఏడాదే నాకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. మాస్టర్ సాబ్ ఇంకో నాలుగేళ్ళు పని చేసి, తనంతట తానే మానుకున్నాడు. ఆ రోజు మామ ఫోన్ చేస్తే, ఏమన్నావు మామా ఆయనతో అని అడిగాను. "ఏమంట? ఇంటిదాంక పోయిన. జరసేపు కూసున్నం ఇద్దరం" అన్నాడు. ఫోన్ పెట్టేశాక, ఇరవై మూడేళ్ళ వయసులో నేనైన ఆ పిల్ల గుర్తొచ్చింది. ఎవరేం చెప్పినా వినేది కాదు, విన్నా రాసుకునేది గాని అర్థం చేసుకునేది కాదు. అయినా ఆమె మీద నాకిప్పుడు కోపం లేదు. ఒక మనిషి ఇరవై రెండేళ్ళు లోపలే పెట్టుకున్న మాట ఆమె వల్లనే బయటికి వచ్చింది. చాలా తప్పుడు దారిన వచ్చింది, కానీ వచ్చింది.