రెండు వేళ్ల వదులు

ఎవరి నడుము చుట్టూ టేపు తిప్పినా రాఘవేందర్ దాని కింద తన రెండు వేళ్లు పెడతాడు. చూపుడు వేలు, నడిమి వేలు. ఆ రెండూ సులువుగా కదిలితేనే అంకె చదువుతాడు. ఊపిరి తీసుకోవడానికి చోటుండాలి కదా అంటాడు.

కార్ఖానా అనే బస్తీలో అతనికి ఒక చిన్న దుకాణం ఉంది. ముప్పై ఏళ్లుగా ఆడవాళ్ల బట్టలు కుడుతున్నాడు. అతను చెప్పే తారీఖులను ఎవరూ నమ్మరు. గురువారం అంటే శనివారమని అందరికీ తెలుసు. గురువారం కావాలంటే మంగళవారం పెళ్లి ఉందని చెబుతారు. ఇటూ అటూ అబద్ధమే, ఎవరికీ కోపం లేదు.

కొలతల విషయంలో మాత్రం అతను వేరే మనిషి. పొడుగాటి రిజిస్టరులో ఒక్కొక్కరికి ఒక్కో వరుస. పేరు, ఫోను నంబరు, తారీఖు, ఛాతీ, నడుము, పొడుగు. పక్కన కుట్టే గుడ్డ ముక్క, గుండుసూదితో గుచ్చి. అరంగుళం తేడా ఉన్నా రాస్తాడు. కొట్టివేత ఒక్కటీ కనిపించదు.

ఆ రిజిస్టరులో అతని భార్య కల్పలత పేరు కూడా ఉంది. ఆమె ఒక బడిలో లైబ్రరీ చూసుకునేది. ఏడాదికి మూడు నాలుగు చుడీదార్లు కుట్టేవాడు. ఆమె కొలత కంఠతా వచ్చినా ప్రతిసారీ టేపు తీసేవాడు. ఆమె చేతులు పైకెత్తి నిలబడేది. అందరిలాగే ఆమెదీ రాసేవాడు.

కల్పలత ఒకసారి సొంత కూతురికి జరిమానా వేసింది. యోగిత అప్పుడు అదే బడిలో ఏడో తరగతి. పుస్తకం రెండు రోజులు ఆలస్యంగా తిరిగిచ్చింది. తల్లి రెండు రూపాయలు కట్టించుకుని రసీదు రాసిచ్చింది. ఇంటికొచ్చాక కూడా ఆ రెండు రూపాయలు ఇవ్వలేదు. ఆ రసీదు యోగిత దగ్గర ఇప్పటికీ ఉంది.

అటువంటి మనిషి గురించి బీమా కంపెనీ ఒక ఉత్తరం రాసింది.

కల్పలత పోయి అప్పటికి రెండు నెలలు. కడుపులో గడ్డ. సెప్టెంబరులో ఆసుపత్రికి తీసుకెళ్లారు, అక్టోబరులో తీసుకొచ్చారు. ఐదు లక్షల నలభై వేల బిల్లు అప్పు తెచ్చి కట్టాడు. ఇంట్లో ముగ్గురికీ కలిపి రెండేళ్ల కింద తీసుకున్న ఐదు లక్షల పాలసీ ఉంది కదా అనుకున్నాడు. ఇంగ్లీషులో ఉన్న ఆ ఉత్తరాన్ని యోగిత తెలుగులో చదివింది.

“రోగికి ఈ వ్యాధి మూడేళ్లుగా ఉంది. దాన్ని దాచిపెట్టి పాలసీ తీసుకున్నారు. కనుక డబ్బు చెల్లించలేము.” యోగిత తల ఎత్తింది. “మూడేండ్లేంది డాడీ? ఎవరు చెప్పిన్రు వాళ్లకు?”

చెప్పింది రాఘవేందరే.

ఆ రోజు ఆసుపత్రిలో కల్పలత కుర్చీలో వంగిపోయి కూర్చుంది. డ్యూటీ డాక్టరు ముందు ఇరవై మంది. అతనికి తన తల్లి గుర్తొచ్చింది. ఛాతీ నొప్పి నిన్నటి నుంచి అని చెబితే, గోలీలిచ్చి పంపారు. ఆమె వారం బతకలేదు. అప్పటి నుంచి అతనికి ఒకటే లెక్క. రోజులు ఎక్కువ చెబితేనే డాక్టరు తల ఎత్తి చూస్తాడు. పండుగకు నాలుగు రోజుల ముందే పండుగని చెప్పే ఆడవాళ్లను చూసిన మనిషి. “ఎప్పటి నుంచి?” అని డాక్టరు అడిగాడు. “మూడేండ్ల సంది సార్” అన్నాడు. డాక్టరు నిజంగానే తల ఎత్తాడు. వెంటనే మంచం ఇచ్చారు. కాగితం మీద మూడేళ్లు అని రాశారు.

కంపెనీకి ఫోను చేశాడు.

“సర్, కేస్ షీట్‌లో మీరు చెప్పినట్టే ఉంది సర్.”

“చెప్పిన బాబూ. తప్పు చెప్పిన. అప్పటికి రెండు వారాలే అయింది.”

“మీ మాట నోట్ చేసుకున్నాను సర్. ఇంకేమైనా సహాయం కావాలా సర్?”

“ఇదే కావాలె.”

“మాకు ఫోన్ చేసినందుకు ధన్యవాదాలు సర్.”

ఆసుపత్రికి వెళితే, ఆ డ్యూటీ డాక్టరు వేరే ఊరికి వెళ్లిపోయాడన్నారు. రాసింది మార్చడం కుదరదన్నారు. యోగిత కంపెనీకి మూడు ఉత్తరాలు రాసింది. మూడింటికీ అదే జవాబు. చివరికి బీమా అంబుడ్స్‌మన్‌కు రాసింది. కంపెనీల మీద ఫిర్యాదులు వినే కార్యాలయం అది. వకీలు అక్కర్లేదు, మనిషి వచ్చి మాట్లాడితే చాలు. మార్చిలో తారీఖు ఇచ్చారు.

“పైసల సంగతి తర్వాత డాడీ,” అంది యోగిత. “అమ్మ దాచిపెట్టింది అని రాసిన్రు చూడు, అది తీసేయాలె. ఆమె మంచిగున్నదని చూపించే కాయితం ఏదన్న ఉందా?”

కల్పలత ఏనాడూ డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. రోగం లేని మనిషికి కాగితాలేవి?

“లేదమ్మా,” అన్నాడు.

రిజిస్టరు అతని వెనక అరలోనే ఉంది. గడిచిన నాలుగేళ్ల కల్పలత కొలతలు అందులో ఉన్నాయి. అది చూపిస్తే అంకెలే మాట్లాడతాయని అతనికి తెలుసు. ఆ అంకెల్లో చివరిది ఏమిటో కూడా అతనికి తెలుసు. అది కూతురి ముందు విప్పలేక నెల రోజులు లేదంటూనే గడిపాడు.

విచారణ రోజు పొద్దున దాన్ని గుడ్డ సంచిలో పెట్టుకుని బయలుదేరాడు. “అదేంది?” అంది యోగిత. “కొలతల బుక్కు,” అన్నాడు.

చిన్న గది. బల్లకు అటువైపు అధికారిణి. ఇటు పక్క కంపెనీ తరఫున వచ్చిన ఒక యువకుడు.

“మూడేళ్లని మీరే చెప్పారా?” అంది అధికారిణి.

“చెప్పిన మేడం. రెండు వారాలంటే ఎవ్వరు పట్టించుకోరని చెప్పిన. మా అమ్మకు గట్లనే అయింది.”

యువకుడు గొంతు సవరించుకున్నాడు. “డాక్టర్‌కే అబద్ధం చెప్పారు మేడం. ఇప్పుడు చెప్పేది నిజమని ఎట్లా అనుకోవాలి?”

రాఘవేందర్‌కు ఆ ప్రశ్న న్యాయంగానే తోచింది. సంచిలోంచి రిజిస్టరు తీసి బల్ల మీద పెట్టాడు.

“నా మాట నమ్మొద్దు సార్. ఇది చూడుండ్రి. నేను లేడీస్ టైలర్‌ను. ఇది మా ఆమె కొలత.”

అతను కాగితం ముక్కలు పెట్టుకున్న పేజీలను అధికారిణి ఒక్కొక్కటిగా తిప్పింది. రెండువేల ఇరవై ఒకటి దసరా, నడుము ముప్పై రెండు. మరుసటి దసరాకు ముప్పై రెండు. ఆ తర్వాతి ఏడాది ముప్పై రెండున్నర. రెండువేల ఇరవై నాలుగు జూన్, బడులు తెరిచినప్పుడు, ముప్పై రెండున్నర. ప్రతి వరుస పక్కన గుడ్డ ముక్క. ఆకుపచ్చ, నీలం, పసుపు పువ్వులది, మళ్లీ నీలం.

“కడుపుల గంత గడ్డ మూడేండ్ల సంది ఉంటే, నడుము గిట్లనే ఉంటదా మేడం?”

“ఇవి తర్వాత రాసుకోవచ్చు కదా?” అన్నాడు యువకుడు.

“పైన కింద వేరేవాళ్ల కొలతలున్నయి. ఫోన్ నంబర్లున్నయి. ఎవరికన్న చేసి అడుగుండ్రి, ఆ తారీఖుకు ఇచ్చిన్రా లేదా అని. బట్ట ఆలస్యమైందని తిడతరు గానీ, కొలత తప్పని ఎవ్వరనరు.”

అధికారిణి చిన్నగా నవ్వింది. ఎవరికీ ఫోను చేయలేదు. చివరి కాగితం ముక్క దగ్గర ఆగింది.

“ఆగస్టు ఇరవై ఎనిమిది. ముప్పై ఐదు.”

“అవును మేడం.”

“రెండున్నర నెలల్లో రెండున్నర అంగుళాలు. మీకు తేడా కనిపించింది.”

“కనిపించింది.”

“ఆమెను అడిగారా?”

యోగిత అతని వైపు చూస్తోందని చూడకుండానే తెలిసింది.

“అడగలేదు మేడం. వంట మంచిగ కుదురుతున్నదని నవ్విన. నీ టేపు సాగింది, కొత్తది కొనుక్కో అన్నది. పాత డ్రెస్సులన్నీ తెచ్చి ఇచ్చింది. కుట్లు విప్పి వదులు చేసిన.”

అధికారిణి ఏదో రాసుకుంది. యువకుడు తన ఫైలు మూసుకున్నాడు.

బస్సులో ఆడవాళ్ల సీట్లు ముందుంటాయి. యోగిత ముందుకు వెళ్లి కూర్చుంది. ఎప్పుడూ అట్లాగే కూర్చుంటుంది. రాఘవేందర్ వెనక నిలబడి ఆమె జడ చూస్తూ వచ్చాడు. సంచి ఛాతీకి ఆనించి పట్టుకున్నాడు. కార్ఖానాలో దిగాక ఆమె అతని కోసం ఆగింది. ఆ రోజే కాదు, ఆ తర్వాత చాలా రోజులు అవసరమైనవే మాట్లాడింది. “అన్నం పెట్టిన.” “గ్యాస్ అయిపోయింది.”

ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. సాయంత్రం యోగిత గడప దగ్గరే నిలబడి చదివింది. కంపెనీ ఐదు లక్షలు వడ్డీతో సహా చెల్లించాలి. పాత చికిత్స జరిగినట్టు కంపెనీ ఒక్క కాగితమైనా చూపలేదు. కొలతల పుస్తకం నమ్మదగినదిగా ఉంది.

“వ్యాధిని దాచినట్టు ఆధారం లేదు,” అని చదివింది.

“అది మళ్ల చదువమ్మా.”

మళ్లీ చదివింది. కాగితం మడిచి, తన పాత రసీదు ఉన్న డబ్బాలో పెట్టింది. తిరిగి వచ్చి అతని ఎదురుగా కూర్చుంది.

“డాడీ. ఆ దినం అమ్మకు నొప్పి ఉండెనా?”

“తెల్వదు బిడ్డా.”

“చేతులు మంచిగనే ఎత్తిందా?”

కల్పలత చేతులెత్తడం ఎన్నోసార్లు చూశాడు. ఆ ఒక్కసారి ఎట్లా ఎత్తిందో ఎంత వెతికినా దొరకలేదు. రెండు వేళ్లు టేపు కింద సులువుగా కదలడం మాత్రం గుర్తుంది.

“నేను అంకె చూసిన,” అన్నాడు.

యోగిత తల ఊపింది. లేచి అతనికి కంచం పెట్టింది. తనూ పక్కనే కూర్చుని తిన్నది.

మరుసటి రోజు పొద్దున రాఘవేందర్ ఎప్పటి వేళకే దుకాణం తెరిచాడు. మొదట ప్రిసిల్లా వచ్చింది. పక్క వీధిలో ఉంటుంది, ఏటా ఈస్టర్‌కు అతని దగ్గరే కుట్టించుకుంటుంది.

“అన్నా, ఆదివారం పొద్దున చర్చికి కావాలె. మీ టైలర్ల ఆదివారం కాదు, క్యాలెండర్ల ఉన్న ఆదివారం.”

“శనివారమే ఇస్తా.”

“అమ్మో, ఇయ్యాల ఏమైంది అన్నా నీకు?”

ఆమె చేతులెత్తింది. అతను టేపు తిప్పి, రెండు వేళ్లు పెట్టి, అంకె చదివాడు. రిజిస్టరు తెరిచి పోయిన ఏడాది పేజీ చూశాడు.

“అరంగుళం పెరిగిందమ్మా. ఒంట్ల ఎట్లుంది?”

“అరంగుళమే కద అన్నా,” అని నవ్వింది ప్రిసిల్లా. “బిర్యానీ ఎక్కువైంది, రాసుకో.”

అతను నవ్వలేదు. పెన్ను బల్ల మీద పెట్టాడు.

“జెర చెప్పమ్మా. కడుపుల నొప్పి గిట్ల ఏమన్న ఉందా?”

ఆమె నవ్వు ఆగింది. చేతులు దించి అతని ముఖంలోకి చూసింది. రాఘవేందర్ ఆమె జవాబు కోసం నిలబడ్డాడు. అది వినే దాకా కొలత రాయలేదు.