బంతి కుట్టిన అమ్మాయి

బేస్‌బాల్ గురించి నాకేమీ తెలియదు. అయినా మూడు నెలల శనివారాలు లైబ్రరీ బేస్‌మెంట్‌లో పాత పేపర్ల మైక్రోఫిల్మ్ రీళ్లు తిప్పుతూ కూర్చున్నాను. నాన్న స్నేహితుడు, రిటైరైన ఇంజనీర్ అంకుల్ అడిగారు కాబట్టి. అమెరికాలో మేముండే అరోరాకి గంట దూరంలో, నది ఒడ్డున ఒక పాత పట్నం ఉంది. అక్కడ పందొమ్మిదో శతాబ్దంలో ఈ ఆట ఎలా మొదలైందో ఆయన టాక్ ఇవ్వాలి. "నువ్వెలాగూ పుస్తకాల పురుగువే కదమ్మా, కాస్త చదివి పెట్టు" అన్నారు. కాదనడం నాకు చేతకాదు.

పాత పేపర్లు చదువుతుంటే నిజంగానే ఇష్టం పుట్టింది. అప్పట్లో చేతికి గ్లవ్ లేదు. వేలు విరిగితే గుడ్డ చుట్టుకుని ఆడేవాళ్లు. ఆట అయ్యాక ఓడినవాళ్లు బంతిని గెలిచినవాళ్లకి ఇచ్చేయాలి. వాళ్లు దానికి బంగారు రంగు పూసి, స్కోరు రాసి, అద్దాల బీరువాలో పెట్టుకునేవాళ్లు. అలాంటిదొకటి ఆ ఊరి మ్యూజియంలో ఇంకా ఉంది. రంగు రాలినచోట కుట్లు కనిపిస్తాయి. ఒకే తోలుముక్కని నాలుగు రేకులుగా కోసి కుట్టారు.

ఆ బంతితో ఆడిన మ్యాచ్ వార్త అడుగున ఒక్క వాక్యం దొరికింది. ఆ బంతి కుట్టింది గుర్రపు జీన్లు చేసే ఆయన కూతురట. ఆటగాళ్లందరి పేర్లూ ఉన్నాయి, అంపైర్ పేరు కూడా ఉంది. ఆమె పేరు మాత్రం లేదు. ఆ వాక్యాన్ని నా డైరీలో ఎక్కించుకున్నాను. అంకుల్‌కిచ్చిన నోట్స్‌లో అండర్‌లైన్ చేశాను.

టాక్ రోజు వెనక వరసలో కూర్చున్నాను. అంకుల్ నా వాక్యాలే చదువుతూ, పాత పేపర్లన్నీ తనే తిరగేశానన్నారు. నా చెవులు వేడెక్కాయి. అదైనా మింగేసేదాన్నేమో. ఇంతలో ముందు వరసలోని ఒక పెద్దావిడ, బంతిని ఎవరు కుట్టారని అడిగింది.

"అది ఎవరికీ తెలియదు" అన్నారు అంకుల్ ఇంగ్లీషులో, నవ్వుతూ.

తెలుసు. పేపర్లో అచ్చయింది. ఎప్పుడు లేచానో నాకే తెలియదు. "జీన్లు చేసే ఆయన కూతురు" అన్నాను. పెద్దావిడ వినపడలేదని చెవి దగ్గర చెయ్యి పెట్టింది. మళ్లీ చెప్పాను. హాలంతా వెనక్కి తిరిగింది.

"మా అసిస్టెంట్" అన్నారు అంకుల్. అందరూ నవ్వారు.

తిరిగొచ్చేటప్పుడు ఆయన డ్రైవ్ చేస్తూ, "ముందే చెప్పొచ్చు కదమ్మా, అంతమందిలోనా?" అన్నారు.

"చెప్పాను అంకుల్. నోట్స్ మూడో పేజీలో ఉంది. మీరే గీత కొట్టేశారు."

"టైమ్ చాలదని ట్రిమ్ చేశా. ఒక్క లైనే కదా, పేరు కూడా లేదు. బంతి కుడితే ఆట ఆడినట్టా?"

"బంతి లేకుండా వాళ్లేం ఆడేవాళ్లు?"

ఆయన రేడియో పెట్టారు. ఆయన పట్టుకోమని ఇస్తే ఒళ్లో పెట్టుకున్న నోట్స్ ఫైలు అంచు నా వేళ్ల కింద నలిగిపోయింది. వచ్చే నెల ఇంకో లైబ్రరీలో ఇదే టాక్. మా ఇంటి ముందు దిగబోతుంటే ఫైలు కోసం ఆయన చెయ్యి చాపారు.

"ఆ లైను మళ్లీ పెట్టేదాకా ఇది నా దగ్గరే ఉంటుంది అంకుల్" అని కార్ డోర్ వేశాను. అనుకున్నదానికంటే గట్టిగా పడింది. సారీ చెప్పలేదు.