ముఖానికి మాత్రం నూనె వద్దు

మధ్యాహ్నం అయ్యేసరికి నా ముఖం మీద మిర్చి బజ్జీలు వేయించుకోవచ్చని మా అన్న అనేవాడు. ఒళ్లు మండేది. అయితే వాడన్నది అబద్ధమూ కాదు. డిగ్రీలో చేరినప్పటి నుంచి నుదురంతా జిడ్డు, బుగ్గల నిండా మొటిమలు. బస్సు దిగి కొత్తవాడలో మా గల్లీ చేరేలోపు ముఖం తుడిచీ తుడిచీ చున్నీ అంచు తడిసిపోయేది.

మొటిమలున్న ఆడపిల్ల ముఖం ఊరుమ్మడి ఆస్తి. దారిలో ఎవరైనా ఆపి వైద్యం చెప్పొచ్చు. “జర టూత్‌పేస్ట్ పెట్టరాదు బిడ్డా” అని ఒకామె, “పల్లీలు తినుడు బంద్ చెయ్యి” అని ఇంకొకామె. జంపఖానాలు నేసే మా అమ్మ మగ్గం దిగగానే నిమ్మచెక్క పట్టుకునేది. నేను ఏడుస్తున్నా వదలకుండా రుద్దేది. నేనేమన్నా తక్కువా? సబ్బు పెట్టి పొద్దస్తమానం కడిగేదాన్ని. తోలు లేచింది కానీ జిడ్డు పోలేదు.

చివరికి పక్కింటామె ఒక క్రీము ట్యూబు ఇచ్చింది. మెడికల్ షాపులో డాక్టరు చీటీ లేకుండా కొన్నదే. అప్పటికే గల్లీలోని ఆడపిల్లలందరి చేతులూ తిరిగి సగమయింది. కొన్నాళ్లు ముఖం నిగనిగలాడింది. గెలిచాననుకొని అద్దం ముందు నుంచి కదల్లేదు. ట్యూబు అయిపోగానే, పోయిన మొటిమలు చుట్టాలందరినీ వెంటేసుకొని తిరిగొచ్చాయి.

హనుమకొండలోని చర్మం డాక్టరమ్మ నన్ను చూసి, “ముఖం కడుగుతున్నవా, గిన్నె తోముతున్నవా?” అంది. ఆ ట్యూబులో స్టెరాయిడ్ ఉందట, మళ్లీ ముట్టొద్దంది. నిమ్మకాయ బంద్. పొద్దున, సాయంత్రం మెత్తటి ఫేస్‌వాష్, ఆపైన జిడ్డులేని పల్చటి క్రీము, ఎండలోకి వెళ్తే సన్‌స్క్రీన్, పడుకునే ముందు ఒక జెల్. గిల్లకూడదు. తలకు పెట్టిన నూనె నుదుటి మీదికి కారకూడదు. నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి.

“జిడ్డు ముఖానికి మళ్ల క్రీమా?” అని అమ్మ ముక్కున వేలేసుకుంది. మొదట్లో పొట్టు రేగితే, “చూసినవా, నేను చెప్పలే!” అని దెప్పింది. నేను వినలేదు. ఒకరోజు ముఖం తుడుచుకుంటుంటే బుగ్గ మీద చెయ్యి ఎక్కడా ఆగకుండా జారింది. మచ్చలున్నాయి, ఉండనీ. కొత్త మొటిమ ఒక్కటి లేదు. సంతోషం పట్టలేక అమ్మను మగ్గం మీది నుంచి లేపుకొచ్చి మరీ ముట్టి చూడమన్నాను.

అంతలోనే పెళ్లి కుదిరింది. పెళ్లంటే నాకు భయం లేదు. భయమంతా మైలపోలు గురించే. పెళ్లికూతురికి నూనె, పసుపు, నలుగుపిండి రుద్ది స్నానం చేయించే వేడుక అది. ఇన్ని నెలల నా కష్టం ఒక్క గిన్నెడు నువ్వుల నూనెలో కొట్టుకుపోతుందని నాకు నిద్ర పట్టలేదు.

ఆ రోజు పీట మీద కూర్చోగానే మా మేనత్త కొంగు దోపుకుని, చేతినిండా నూనె పోసుకుని వచ్చింది. నేను రెండు చేతులూ అడ్డం పెట్టాను.

“అత్తమ్మా, కాళ్లకు చేతులకు నీ ఇష్టమున్నంత పెట్టు. ముఖానికి మాత్రం వద్దు.”

పాట పాడుతున్న ఆడవాళ్లు ఆగిపోయారు. “ఇవేం సుద్దులే పిల్లా! ముఖానికి పెట్టకపోతే పెండ్లికళ ఎట్లొస్తది?” అంది అత్తమ్మ. చెయ్యి దింపలేదు. నూనె నా చీర మీద కారుతోంది.

ఆ చేతిని పట్టుకున్నది మా అమ్మ.

“వద్దు వదినా. నిమ్మకాయ రుద్ది దాని ముఖం తోలు లేపింది నేనే. దాని ముఖం సంగతి ఇగ దానికే ఎరుక.”

“మరి మన ఆనవాయితీ?”

“కాళ్లకు పెట్టు. ఆనవాయితీకి కాళ్లు సాలవా?”

అమ్మ ఆ మాట అంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. అత్తమ్మ మూతి ముడుచుకుని ఆ గిన్నెడు నూనె నా కాళ్ల మీదే కుమ్మరించింది. స్నానానికి లేస్తే జారిపోకుండా ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది.

పెళ్లిలో అడ్డుతెర చాటు నుంచే ఒకరి తల మీద ఒకరం జీలకర్ర బెల్లం పెట్టుకున్నాం. తెర దించగానే ఆ రోజు మొదటిసారి తలెత్తి చూసుకున్నాం. పెళ్లిచూపుల నాడు అద్దంలా నున్నగా ఉన్న పెళ్లికొడుకు నుదురు, ఎర్రటి మొటిమలతో నిండిపోయి ఉంది. నాకు నవ్వు ఆగలేదు.

“మా పెద్దమ్మలు దినాం నూనెల నానవెట్టిండ్రు,” అని గొణిగాడు పాపం. “నీకు పెట్టలేదా?”

“నేను పెట్టనియ్యలే,” అన్నాను, పంతులుగారు మంత్రం ఆపి చూసేంత గట్టిగా.