ఫోటోలోని రెండు పళ్ళు

పళ్ళ మేస్త్రికి ఎదుటి మనిషి ముఖం కంటే ముందు నోరు కనబడుతుంది. ఇరవై రెండేళ్ళుగా కట్టుడు పళ్ళు చేస్తున్నవాడికి అది రోగం కిందే లెక్క. పలకరించినవాళ్ళ పేరు మర్చిపోతాడు గాని, వాళ్ళ కింది వరసలో ఏ పన్ను వంకరో మర్చిపోడు. ప్రార్థన మందిరంలో పెద్దాయన కళ్ళు మూసుకుని దేవుణ్ణి పిలుస్తుంటే, ఈయన ఒక కన్ను తెరిచి, పెద్దాయన కట్టుడు పళ్ళ పైసెట్టు కాస్త వదులైందే అనుకుంటాడు. పక్కన నిలబడ్డ భార్య మోచేత్తో పొడుస్తుంది. మళ్ళీ కళ్ళు మూసుకుంటాడు.

మంచివాడే. కాకపోతే పిరికివాడు. ఈ మాట ఎవరో చాటున అన్నది కాదు, ఆయనే అందరికీ చెప్పుకుంటాడు. లిఫ్టు ఎక్కడు. అప్పు చెయ్యడు. ఇంటికి ఉత్తరం వస్తే చింపేముందు గ్లాసుడు నీళ్ళు తాగుతాడు. అలాంటివాడు ఎక్కడో పరాయి దేశం నుంచి బిడ్డను తెచ్చుకుంటానంటే తెలిసినవాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు.

పిల్లల కోసం పన్నెండేళ్ళు ఎదురుచూసి, ఆసుపత్రుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, ఇద్దరికీ నలభై దాటాక దత్తత ఆఫీసు గడప తొక్కారు. ఇక్కడి పిల్లల కోసం వరస చాలా పొడుగుందని, బయటి దేశం నుంచైతే త్వరగా కుదరొచ్చని అక్కడి మేడమ్ చెప్పింది. రెండు విమానాలు మారితే గాని చేరలేని ఒక ఊళ్ళో, ఒక అనాథాశ్రమంలో, నాలుగేళ్ళ రెండు నెలల పాప ఉంది. కాగితాల మీద అలాగే రాసుంది. ఫోటోలో ఆ పాప మూతి బిగించుకుని, ఎవరో బెదిరించి నిలబెట్టినట్టు నిలబడింది. మేస్త్రి భార్య మందుల షాపులో బిల్లులు కొడుతుంది. ఆ ఫోటోను కౌంటరు అద్దం కింద పెట్టుకుని, దగ్గుమందు కోసం వచ్చినవాళ్ళకి కూడా "మా అమ్మాయి" అని చూపించేది.

ఆ "మా" అనే ముక్కకి ఎంత ఖర్చవుతుందో మేడమ్ ఒకేసారి చెప్పలేదు. చెప్పుంటే మేస్త్రి అక్కడే కూలబడేవాడు. ఇల్లు చూసిపోవడానికి ఒక ఫీజు. కాగితాలు ఆ దేశపు భాషలోకి మార్చడానికి ఒకటి, మార్చింది సరిగ్గానే ఉందని ముద్ర వెయ్యడానికి ఇంకొకటి. అక్కడి కోర్టుకి వేరే, ఇక్కడి కోర్టుకి వేరే. మొదటి వాయిదాకి అతని మోటారుసైకిలు, ఆవిడ గాజులు పోయాయి. రెండోదానికి ఎప్పుడో కొనుక్కున్న చిన్న స్థలం పోయింది. మూడోది ఇరవయ్యో తారీఖు లోపల కట్టాలి, చేతిలో సగం కూడా లేదు. ఏ కారణం చేత ఆగిపోయినా కట్టిన డబ్బు తిరిగి రాదని ముందే సంతకాలు పెట్టించుకున్నారు.

ప్రతి ఉదయం పనికి బయల్దేరే ముందు ఇద్దరూ తలుపు దగ్గర నిలబడి ప్రార్థన చేసేవారు. ఆవిడ దేవుడితో పక్కింటివాళ్ళతో మాట్లాడినంత చనువుగా మాట్లాడుతుంది. "తండ్రీ, నీకు తెలీనిదేముంది, ఇరవయ్యో తారీఖు గడువు. మర్చిపోయేవు" అని గుర్తుచేసి బస్సెక్కుతుంది. మేస్త్రి పెదాలు కదిపేవాడు గాని లోపల ఒకటే మాట కొట్టుకునేది: ఇవ్వకపోతే? ఆ మాట పైకంటే ఆవిడ నమ్మకం ఎక్కడ చెడుతుందోనని మింగేసేవాడు. బావమరిది మాత్రం ఏదీ మింగే రకం కాదు.

"దేవుడిస్తాడంటున్నావు, సరే బావా. రసీదు కూడా ఆయనే ఇస్తాడా?" అన్నాడు ఒకనాడు ఇంటికొచ్చి.

మేస్త్రి నవ్వాడు. నవ్వాడు గాని ఆ పూట ముద్ద దిగలేదు.

పదకొండో తారీఖున ఆఫీసు నుంచి కొత్త ఫోటో వచ్చింది. మూడో వాయిదాకి ముందు పాప కులాసాగా ఉందని చూపించడానికి పంపుతారట. ఈసారి పాప నోరంతా తెరిచి నవ్వుతోంది. ఎవరో కెమెరా వెనక కోతిచేష్టలు చేసి ఉంటారు.

"చూడండి, ఎంత హాయిగా నవ్వుతోందో" అంది భార్య. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మేస్త్రి చూశాడు. కింద ముందున్న రెండు పళ్ళు మిగతావాటికంటే వెడల్పుగా, అంచున సన్నటి నొక్కులతో ఉన్నాయి. కొత్తగా వచ్చిన అసలు పన్నుకే ఆ నొక్కులుంటాయి, తినగా తినగా అరిగిపోతాయి. పైన ఒక పాలపన్ను ఊడిన చోటు ఖాళీగా ఉంది. నాలుగేళ్ళ పిల్ల నోట్లో ఇవి ఉండవు. ఉన్నాయంటే ఆ పిల్లకి నాలుగేళ్ళు కావు.

"బావుంది" అన్నాడు పైకి.

మర్నాడు ల్యాబులో ఎవరూ లేనప్పుడు ఫోటోను భూతద్దం కింద పెట్టాడు. వంకర పళ్ళకి తీగలు కట్టడానికి తీసిన పిల్లల నోటి అచ్చులు అలమరలో ఉంటాయి, ప్రతి ప్లాస్టర్ ముద్ద మీదా వయసు రాసుంటుంది. నాలుగు, ఐదు, ఆరు, ఏడు వరసగా బల్ల మీద పేర్చి ఒక్కొక్కటే పోల్చుకుంటూ వచ్చాడు. ఏడు దగ్గర చెయ్యి ఆగిపోయింది. వాళ్ళకొచ్చిన అనుమతి ఐదేళ్ళ లోపు బిడ్డకి. ఐదు దాటితే ఆ కాగితం చిత్తుకాగితం. ఆ రోజు ఎవరో ముసలావిడ సెట్టుకి ఎడమ కోరపన్ను తీసి కుడివైపు పెట్టేశాడు. ఇరవై రెండేళ్ళలో అలాంటి తప్పు చెయ్యలేదు.

మూడు రోజులు కిమ్మనలేదు. కొందరికి పాలపళ్ళు తొందరగా ఊడతాయి. దెబ్బ తగిలిందేమో. అక్కడి పెద్ద డాక్టరే వయసు రాసి సంతకం పెట్టాక పళ్ళు చేసుకునేవాడి పెత్తనమేమిటి? ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు, గొడవ లేదు. ఇలా తనకి తాను సర్దిచెప్పుకుని, తలుపు దగ్గర నిలబడి దేవుడికీ అదే సర్దిచెప్పబోయాడు. అక్కడ మాట పెగల్లేదు. మూడో వాయిదాతో పాటు కోర్టుకి ఒక ప్రమాణపత్రం ఇవ్వాలి. పైన రాసినవన్నీ మాకు తెలిసినంతవరకు నిజం అని దాని కింద ఇద్దరూ సంతకం పెట్టాలి. తెలియకుండా ఉంటే ఎంత బావుండేదో. దిక్కుమాలిన కళ్ళు, తెలుసుకున్నాయి.

చెబితే పాప పోతుంది. చెప్పకపోతే, వచ్చిన ఏడాదికో రెండేళ్ళకో ఎవరో డాక్టరు ఆ పిల్లను నోరు తెరవమంటాడు, అప్పుడు పోతుంది. ఎటు తిరిగినా పాప చెయ్యి జారిపోవడమే కళ్ళకి కట్టింది.

నాలుగో రోజు సాయంత్రం భార్య కూరగాయలు తరుగుతుంటే చెప్పేశాడు.

"పాపకి నాలుగు కాదు. ఏడు."

కత్తి ఆగింది. "ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. పళ్ళు చూశాను."

"ఎందుకు చూశారండీ" అందావిడ. "లోకంలో అందరూ పిల్ల కళ్ళు చూస్తారు, జుట్టు చూస్తారు. మీకే ఆ పళ్ళు ఎందుకు కనబడాలి?"

ఆవిడ ఉన్నచోటే నేలమీద కూర్చుండిపోయింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. పన్నెండేళ్ళలో ఆవిడ భయపడగా అతను చూడలేదు. ఇన్నాళ్ళూ ఆవిడ ధైర్యాన్ని పట్టుకుని నడిచినవాడికి ఇప్పుడు పట్టుకోవడానికి ఏదీ దొరకలేదు. అసలు భయం అంటే ఏమిటో అతనికి అప్పుడు తెలిసింది.

"ఆ కాగితం మీద సంతకం పెట్టేసి, రేపు పొద్దున ఏ మొహం పెట్టుకుని దేవుణ్ణి డబ్బడుగుతాం?" అందావిడ నెమ్మదిగా.

"అడగలేం."

"నిజం చెబితే పిల్లనిస్తాడా?"

"తెలీదు."

"నాక్కూడా తెలీదండీ."

ఆవిడ నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. ఇద్దరూ అక్కడే కూర్చుని ప్రార్థన చేశారు. ఏ జవాబూ రాలేదు. పొయ్యి మీది అన్నం అడుగంటింది.

మర్నాడు ఆఫీసులో మేడమ్ అంతా విని కళ్ళజోడు తీసింది. "మీరు డాక్టరా సార్?"

"కాదండీ. పళ్ళు చేస్తాను."

"ఇది చెబితే మీకేమవుతుందో తెలుసు కదా?"

"తెలుసండీ. అందుకే నాలుగు రోజులు పట్టింది" అన్నాడు. మేడమ్ కాగితాలు పక్కకి పెట్టి ఫోనందుకుంది.

వారం తిరక్కుండా కబురొచ్చింది. అక్కడివాళ్ళు పాపని మళ్ళీ పరీక్ష చేయించారు. మేస్త్రి చెప్పింది నిజమే. మూడో వాయిదా తీసుకోరు. పాత ఫైలు మూసేసి, ఇల్లు చూడడం దగ్గర్నుంచి అన్నీ కొత్తగా మొదలుపెట్టాలి. రెండు వాయిదాలూ నీళ్ళపాలే. ఇద్దరూ ఆఫీసుకెళ్తే, కొత్త ఫైలుకి మొత్తం ఎంతవుతుందో మేడమ్ చెప్పింది. అమ్ముకోవడానికి ఇంట్లో ఇంకేం మిగిలిందని మేస్త్రి మనసులో వెతుక్కున్నాడు, ఏదీ తోచలేదు.

"ఈలోగా పాపని వేరేవాళ్ళకి చూపిస్తారా?" అని అడిగింది భార్య.

"చూపిస్తారు. కానీ ఏడేళ్ళ పిల్ల కోసం ఎవరూ రారమ్మా. అందుకే ఎవరో దయతలిచి వయసు తగ్గించి రాసుంటారు." మేడమ్ కాస్త తటపటాయించింది. "మంగళవారం వీడియోలో పాపని చూపిస్తామన్నారు. రండి. మాటలు మాత్రం ఇవ్వకండి. కొత్త అనుమతి రాకపోతే పసిదాని మనసు విరిగిపోతుంది."

మంగళవారం ఆఫీసు గోడమీది తెర వెలిగింది. తెర మీద ఒక కుర్చీ, కుర్చీ అంచున పాప, పక్కన ఆ పిల్ల మాటలు మన భాషలోకి మార్చి చెప్పే ఒక పెద్దాయన. పాప తన కుడిచేతిని నోటికి అడ్డంగా గట్టిగా అదిమి పెట్టుకుంది. ఎంతసేపైనా తియ్యలేదు.

"చెయ్యి అలా పెట్టుకుందేం? పన్ను నొప్పా?" అని అడిగింది భార్య.

పెద్దాయన ఆ ప్రశ్న పాపకి చెప్పాడు. పాప వేళ్ళ సందులోంచి ఏదో గొణిగింది. ఆయన ఇటు తిరిగి అన్నాడు: "ఎవరైనా చూడ్డానికొస్తే నోరు తెరవొద్దని అక్కడి పెద్దపిల్లలు చెప్పారటండీ. పళ్ళు చూస్తే పెద్దదని తెలిసిపోతుంది, ఇంకెవరూ తీసుకెళ్ళరు అన్నారట. ఫోటో తీసిన రోజు మర్చిపోయి నవ్వానంటోంది. ఇంకెప్పుడూ నవ్వనంటోంది."

మేస్త్రి ఇన్ని రోజులూ లోకంలో భయమంతా తన కడుపులోనే ఉందనుకున్నాడు. అక్కడ ఒక పిల్ల నవ్వినందుకు భయపడుతోంది, ఆ నవ్వును పట్టిచ్చింది తనే. లేచి నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో అతనికే తెలీదు.

"వస్తామని చెప్పండి" అన్నాడు.

"సార్" అంది మేడమ్, వద్దన్నట్టు.

"కొంచెం ఆలస్యమవుతుందని చెప్పండి. వస్తామని చెప్పండి." మాట వెనక్కి తీసుకోలేదు.

పెద్దాయన చెప్పాడు. పాప చెయ్యి తియ్యకుండానే రెండో చేతి వేళ్ళు ఒకటొకటిగా మడిచి లెక్కపెట్టుకుని, ఏదో అడిగింది.

"ఎంత ఆలస్యం అంటోంది. మూడు నెలలైతే తనకి ఎనిమిదొస్తాయట. ఎనిమిదైనా ఫర్వాలేదా అని అడుగుతోంది."

భార్య తెరకేసి తలూపింది. ఊపుతూనే ఉంది. దాన్ని ఎవరూ మార్చి చెప్పాల్సిన పనిలేకపోయింది. తెర ఆరిపోయాక కూడా ఆవిడ అటే చూస్తూ కూర్చుంది.

మేడమ్ కొత్త దరఖాస్తు తెచ్చి బల్లమీద పెట్టింది. మేస్త్రి రాయడం మొదలుపెట్టాడు. పేర్లు, చిరునామా, జీతం. నాలుగో గడి దగ్గర ఆగాడు. కోరుకునే బిడ్డ వయసు: ఎన్నేళ్ళ లోపు?

"తొమ్మిదని రాయండి" అంది భార్య.

మేస్త్రి చేతిలో ఉన్న డబ్బు తలుచుకున్నాడు. రావలసినది తలుచుకున్నాడు. ఎక్కణ్ణుంచి వస్తుందో తెలియనిది తలుచుకుని కలం కింద పెట్టాడు. దేవుడిస్తాడు, ఆ మాట నమ్మాడు. ఎప్పుడిస్తాడో మాత్రం ఆయన చెప్పలేదు. చెమట పట్టిన వేళ్ళు చొక్కాకి తుడుచుకుని, కలం మళ్ళీ పట్టుకుని, ఆ గడిలో పన్నెండు అని రాశాడు.