కానుకల బల్ల మీద మందు డబ్బా

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, నా నోటి దురుసు మీకు తెలుసు, అయినా ఈ రోజు నా సిగ్గును నేనే చెప్పుకుంటాను! కోరుట్లలో బీడీలు చుట్టుకుని బతికే నాకు, నా భర్తకు హెచ్‌ఐవీ ఉందని జగిత్యాల ఆసుపత్రిలో తేలిన రోజున నేను దేవునితోనే పోట్లాడాను. ఇది ఒంట్లోని బలాన్ని మెల్లగా తినేస్తుందని, రోజూ గోలీ వేసుకుంటే అణిగి ఉంటుందని నర్సమ్మ ఎంతో ఓపికగా చెప్పింది. ఏడాది వేసుకున్నాను, రక్తంలో వైరస్ కనబడటం లేదని రిపోర్టు వచ్చింది.

కనబడటం లేదంటే పోయిందనుకున్నాను! సిరిసిల్లలో ఉపవాస కూటాలు జరుగుతుంటే వెళ్లి, ఇక మందు మింగడం అవిశ్వాసమేనని, డబ్బాను కానుకల బల్ల మీద పెట్టి సాక్ష్యం చెప్పాను, అందరూ చప్పట్లు కొట్టారు.

మూడు నెలలకే నోరంతా పూసి, జ్వరంతో మంచం పట్టాను, అప్పుడే కడుపుతో ఉన్నానని తెలిసింది! ప్రాణం గిలగిల్లాడింది. అయినా అంతమంది ముందు సాక్ష్యం చెప్పి, మళ్లీ గోలీ ఎలా మింగాలని పంతం. మా పాస్టరమ్మ ఇంటికొచ్చి కడిగేసింది.

"ఏందే బిడ్డా, నేను షుగర్ గోలి ఏస్కోకుంట ఎన్నడన్న ప్రార్థనకు కూసున్ననా? దేవుడిచ్చిన మందును దేవునికే వాపస్ ఇస్తవా? కడుపుల పసిగుడ్డు ఏం పాపం చేసిందే? లే, జగిత్యాల పోదాం!"

"అయ్యా, నా గర్వానికి నా పసిగుడ్డును బలి చేయకయ్యా!" అని బస్సులోనే ఏడ్చి ప్రార్థించాను.

"కనబడ్తలేదంటె గోలీలు అణచిపెట్టినయని, పోయిందని కాదమ్మా," అని నర్సమ్మ మళ్లీ మొదటినుంచి చెప్పి, తప్పకుండా మింగితే బిడ్డకు అంటే ప్రమాదం చాలా తగ్గుతుందని మందు మొదలుపెట్టించింది. కాన్పు దాకా ఒక్క పూట తప్పలేదు. కాన్పు ఆసుపత్రిలోనే అయింది, పాపకు అంటకుండా ముందుజాగ్రత్తగా కొన్ని వారాలు మందు పోశారు, ఏడాదిన్నర దాకా పరీక్షలు చేస్తూనే ఉన్నారు, వెళ్లిన ప్రతిసారీ పాపను ఒడిలో పెట్టుకుని ప్రార్థించేదాన్ని సహోదరులారా!

చివరి పరీక్ష రోజు నర్సమ్మ బయటకొచ్చి, "నీ బిడ్డకు లేదమ్మా, పో, మంచిగ సాదుకో!" అంది. నేను పెట్టిన కేకకు వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు! దేవునికే మహిమ, ఆ మందు కనిపెట్టే బుద్ధి మనుషులకిచ్చిన దేవునికే మహిమ!

ఒక కంచంలో తింటే, ఎత్తుకుంటే ఇది అంటదు, మా అత్తమ్మ ఇప్పుడు నా చేతి ముద్దే తింటోంది. పెళ్లికి ముందు, కడుపుతో ఉన్నప్పుడు పరీక్ష చేయించుకోండి. ఈ మందిరంలో గోలీలు కొంగున దాచుకుని కూర్చున్న చెల్లెలు ఎవరైనా ఉంటే, అమ్మా, ఇక్కడే నీళ్లడిగి మింగు, ఆమేన్ మేమందరం చెబుతాం.