మొదటి పేరు దగ్గరే ఆగిన చావు కబురు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు లోకమంతా వరుసలు వరుసలుగా కనిపించేది. మహబూబాబాద్‌లో ఓ చిన్న ఆఫీసులో సర్వర్లు చూసుకునే పని. ఒక కమాండ్ ఇచ్చిన జాబితాను పైపు గుర్తు పెట్టి ఇంకో కమాండ్‌కు అందించి, ఒక్కో వరుసా చదివిస్తూ పని చేయించడం అప్పుడే నేర్చుకున్నాను. ఇక చేత్తో చేసే పనంటే చులకన. (అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతుంటే "దీనికీ ఒక ఫిల్టర్ రాయొచ్చు" అన్నాను. ఆమె చేట నా ఒళ్లో పెట్టి లేచిపోయింది.)

సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడే, రఘునాథపల్లి దగ్గర మా ఊళ్లో, తాత తెల్లవారుతుండగా పోయాడు. నాయిన గోడకు ఆనుకుని కూలబడ్డాడు. మా వైపు చావు కబురు ఇంటింటికీ విడిగా చెప్పాలి. మరిచిపోతే ఆ ఇంటివాళ్లతో జన్మంతా మాట పడాలి. "అందరికి నేను చెప్త నాయినా, నువ్వు పరేషాన్ గాకు" అన్నాను. లాప్‌టాప్‌కు ఫోన్ తగిలించి, పేర్లలో తాత, మామ, అత్త, కాక అని ఉన్నవన్నీ ఏరి, జాబితా అయిపోయేదాకా ఒక్కో వరుసకూ సందేశం పంపే లూప్ రాశాను. తెర మీద ఏ తప్పూ చూపలేదు. లాప్‌టాప్ మూసి, ఏడవడానికి వెళ్లాను.

ఎండ నెత్తికెక్కింది. ఊరంతా వచ్చింది, చుట్టం ఒక్కరూ రాలేదు. భూపాలపల్లిలో ఉండే మేనత్త, తాతకు ఒక్కగానొక్క కూతురు, ఆమె కూడా రాలేదు. "ఎంతమంది పెండ్లిళ్లు చేసిండు నా బాపు! ఒక్కలన్న రాకపాయె" అని నాయిన కుమిలిపోతుంటే చూడలేకపోయాను.

అప్పుడు ఆటో దిగాడు అలుగుడు తాత. మా తాతకు తమ్ముడు. (ప్రతి పెళ్లిలోనూ ఏదో ఒకటి పట్టుకుని అలుగుతాడని ఫోన్‌లో ఆ పేరే పెట్టుకున్నాను.) బోరు నీళ్ల పంచాయితీలో అన్నతో మాటలు పోయి జనగామలో ఉంటున్నాడు. ఆయనకు చెప్పొద్దని ఇంట్లో ఎవరూ అనలేదు, అనాల్సిన అవసరమే లేదనుకున్నారు. శవం ముందు చతికిలబడి భోరున ఏడ్చి, కళ్లు తుడుచుకుని చుట్టూ చూశాడు. "చుట్టాలేరి? ఎవలెవలకు చెప్పినవ్ బిడ్డా?"

పరుగెత్తి లాప్‌టాప్ తెరిచాను. పోయింది ఒక్కటే సందేశం. సందేశం పంపే కమాండ్ తన పని చేసి ఊరుకోక, లూప్‌కు పేర్లు అందించే అదే పైపులో మిగిలినవన్నీ తాగేసింది. లూప్‌కు చదవడానికి ఏమీ మిగలలేదు. అక్షర క్రమంలో మొదటి పేరు అలుగుడు తాతది. "తాతా, నీకొక్కనికే పోయింది" అన్నాను.

ఆయన తిట్టలేదు. ఫోన్ తీసి అన్న కాళ్ల దగ్గరే కూర్చున్నాడు. ముందు మేనత్తకు చేశాడు. "బిడ్డా, యాడున్నవ్? నిలబడ్డవా? జర కూసో. కూసున్నవా? నీ బాపు లేడే అవ్వా." ఆ తర్వాత గూడూరు వాళ్లకు, మహబూబాబాద్ వాళ్లకు. ప్రతి ఒక్కరినీ ముందు కూర్చోబెట్టాకే చెప్పాడు. (ఒకాయనతో మాత్రం, పాత కోపమేదో గుర్తొచ్చి, "కూసుంటె కూసో, లేకుంటె లేదు" అన్నాడు. అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది.)

పొద్దు వాలుతుంటే పెద్దలు పాడె లేపమన్నారు. "బిడ్డ మొఖం సూడకముందే ఎట్ల లేపుతరు? నన్ను తొక్కుకుంట పోండ్రి" అని అలుగుడు తాత పాడె ముందు బైఠాయించాడు. ఆయన అలక అందరికీ పనికొచ్చింది ఆ ఒక్కసారే. చీకటి పడకముందే మేనత్త వచ్చి తండ్రి చెంపలు నిమిరింది. నాయిన "చిన్నాయినా" అంటూ ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఇప్పుడు అలాంటి లూప్ రాస్తే, లోపలి కమాండ్ పైపు జోలికి రాకుండా దానికి చదువుకోవడానికి ముందే ఖాళీ ఇన్‌పుట్ ఇచ్చేస్తాను. ఎందుకని జూనియర్లు అడిగితే, ఏడవడానికి ముందు లాప్‌టాప్ మూసిన ఆ పిల్ల, అప్పటి నేను, గుర్తొచ్చి జాలీ నవ్వూ కలిసి వస్తాయి. మొన్న ఎండాకాలం అలుగుడు తాత పోయాడు. జనగామ దవాఖానలో దగ్గర ఉన్నది నేనే. లాప్‌టాప్ సంచిలోనే ఉంది, తీయలేదు. మెట్ల మీద నిలబడి ముందు మా ఇంటికి ఫోన్ చేశాను.

"నాయినా, యాడున్నవ్? జర కూసో" అన్నాను.

అవతల మంచం కిర్రుమంది.

"కూసున్న బిడ్డా" అన్నాడు నాయిన. "నువ్వు గూడ కూసో."