పాట ఆగితే నాటు ఆగుతుంది

చెన్నూరు దగ్గరి ఆ ఊళ్లో మడుల దాకా వినపడే పంచాయతీ రేడియో పాడుతున్నంతసేపే కూలీల పెద్ద లస్మవ్వ వరినాటు వేసేది. దూరాన ఎక్కడ మెరిసినా ఆ పెట్టె గరగరలాడేది. గరగర మొదలైతే బ్యాటరీ దండగని కావలి ముత్తయ్య దాన్ని బంద్ చేసేవాడు. ఒకనాడు అలా పాట ఆగిన కాసేపటికే పిడుగు పడి, లస్మవ్వ పక్కన నాటేస్తున్న చెల్లెలు మడిలోనే ప్రాణం విడిచింది. అప్పటినుంచి రేడియో మూగబోతే చాలు, లస్మవ్వ కూలీలందర్నీ పంచాయతీ ఇంట్లోకి తోలేది. తర్వాత పడిన పిడుగులు ఖాళీ మడులనే కాల్చాయి.

ఒక మధ్యాహ్నం ఫెళ్లున ఎండ కాస్తుండగా రేడియో ఆగింది. లస్మవ్వ అందర్నీ మడిలోంచి గట్టెక్కించింది. తీరా చూస్తే బ్యాటరీ అయిపోయింది.

"మొగులే లేదు, పిడుగెక్కడిదే? నారు ఎండుతుంది, దిగుండ్రి!" అని పొలం పటేలు అరిచాడు.

లస్మవ్వ కొంగుకు చేతులు తుడుచుకుంది. "ఉత్తగ గట్టెక్కినందుకు ఎవ్వలన్న సచ్చిండ్రా పటేలా? గా రేడియో పాడితేనే దిగుతం."

పటేలు తిట్టుకుంటూనే బ్యాటరీ కోసం చెన్నూరుకు బండి కట్టాడు.